ఎవరూ వాడని పేరు

మార్ల్‌స్టో ఊరి పెద్ద బంగళాలో రెండో పనిమనిషి పేరు ఎప్పుడూ జేనే. మొదటామె ఎమ్మా, రెండో ఆమె జేన్, గిన్నెలు తోమే మనిషి పాలీ. మనుషులు మారతారు, పేర్లు మారవు. లార్డ్ దొరగారి నాయనమ్మకు కొత్త మనిషి వచ్చినప్పుడల్లా కొత్త పేరు గుర్తుపెట్టుకోవడం తలనొప్పిగా ఉండేదట. ఆవిడ తలనొప్పి తగ్గించడానికి చేసిన ఏర్పాటు ఆవిడ పోయాక కూడా పోలేదు. పేరు పోగొట్టుకున్నవాళ్ళకు ఎలా ఉందని అడిగే నాథుడు లేడు.

ఆ లెక్కన పదిహేడేళ్ళ హెస్టర్ ప్రీస్ ఒక ఉదయం వెనక గుమ్మంలోంచి లోపలికి వచ్చి, సాయంత్రానికల్లా జేన్ అయిపోయింది. ఇంటి పెత్తనం చూసే కార్డ్యూ అమ్మగారు ఆమె బాప్తిస్మపు కాగితం పుచ్చుకుని సొరుగులో పడేసి, నల్లగౌను చేతిలో పెట్టి, "నీ పేరు ఎక్కడికీ పోదులే. సెలవుకు ఇంటికెళ్ళినప్పుడు వాడుకుందువుగాని" అంది. అది హాస్యమనుకుంది కాబోలు. హెస్టర్ నవ్వలేదు.

నవ్వే రకం కూడా కాదు. ఆమెకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే పాలలో నీళ్ళు కలిపాడని, పాస్టరు గారు రెండుసార్లు బాగున్నావా అంటే చర్చి నేల కడిగించుకోవడానికని అనుకునేది. తమాషా ఏమిటంటే చాలాసార్లు ఆమె అనుకున్నదే నిజమయ్యేది. పాస్టరు గారి నేల ఎన్నో ఆదివారాలు ఊరికే కడిగింది పాపం. ముసలితనంలో పట్నంలో సొంతంగా లాండ్రీ పెట్టుకున్నాక కూడా, ఉతకడానికి వచ్చిన ప్రతి చొక్కా జేబూ తనే వెతికేది, ఇంకెవరినీ వెతకనిచ్చేది కాదు.

ఆమె పనిలో చేరిన ఐదేళ్ళకు యుద్ధం వచ్చింది. ఊళ్ళో మగవాళ్ళు వెళ్ళారు, బంగళా గుర్రాలు వెళ్ళాయి, రెండో ఏడాది చివర్లో దొరగారి ఒక్కగానొక్క కూతురు లేడీ ఫిలిపా కూడా వెళ్ళింది. ఎక్కడికయ్యా అంటే ఐర్లండ్‌లో ఉన్న మేనత్త ఇంటికి. ఒంట్లో బాగుండటం లేదట. పంతొమ్మిదేళ్ళ పిల్ల, అంతకు ముందు వారమే కంచె మీంచి గుర్రాన్ని దూకించింది, ఇంతలో ఒంటికి ఏమొచ్చిందని వంటింట్లో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెళ్ళికాని గొప్పింటి పిల్ల దూరపు అత్త ఇంట్లో నెలల తరబడి ఉండిపోయిందంటే ఊరు ఒక్కటే అర్థం తీస్తుంది.

కొన్నాళ్ళకు హెస్టర్ కూడా బంగళా విడిచి, పట్నం శివార్లలో పెట్టిన ఫిరంగి గుండ్ల ఫ్యాక్టరీలో చేరింది. గుండ్లలో మందు కూరడం పని. ఆ మందు తగిలి చేతులు, మొహం, టోపీ కింద నుంచి బయటికి వచ్చిన జుట్టు అన్నీ పసుపుపచ్చగా అయిపోయేవి. ఒకరోజు పక్క షెడ్డు పేలిపోయింది. రోజూ ఆమె పక్కన కూర్చుని రొట్టె తినే ఇద్దరు పడుచుపిల్లల బూట్లు మాత్రం దొరికాయి. అయినా ఆమెకు ఆ రోజులంటే ఒక ఇష్టం ఉండేది, అక్కడ అందరూ ఆమెను హెస్టర్ అనే పిలిచారు. యుద్ధం అయిపోగానే వీళ్ళందరినీ ఇంటికి పొమ్మన్నారు. కోటుకు పెట్టుకునే ఒక ఇత్తడి బిళ్ళ తప్ప చేతిలో ఏమీ లేదు. వేరే పని దొరక్క, పసుపు రంగు వదిలాక, మళ్ళీ బంగళా వెనక గుమ్మం తొక్కి జేన్ అయింది.

లేడీ ఫిలిపా అప్పటికే తిరిగి వచ్చి ఉంది. పొద్దున్నే ఆమె గదిలో పొయ్యి వెలిగించడానికి వెళ్ళినప్పుడు హెస్టర్ కళ్ళు దుప్పటి మీద ఉన్న ఆ చేతుల మీద పడ్డాయి. వేళ్ళు ఎర్రగా కందిపోయి, కణుపుల దగ్గర చర్మం పగిలి గట్టిపడి ఉంది. చూపుడువేలికి పాత గాటు. పియానో వాయించిన చేతులు కావవి. నీళ్ళలో, బట్టలుతికే సోడాలో నానిన చేతులు ఎలా ఉంటాయో హెస్టర్‌కు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. 'ఇవి ఉతుకుల చేతులు. ఐర్లండ్‌లో బిడ్డ ఉంది. పనిమనుషులకు తెలియకూడదని బిడ్డ గుడ్డలు తనే ఉతుక్కుంది' అని అక్కడికక్కడే తేల్చేసింది. తేల్చుకున్నది కడుపులో దాచుకుందా అంటే అదీ లేదు. వంటావిడ చెవిన వేసింది. వంటావిడ చెవిన పడితే ఊరి చెవిన పడ్డట్టే.

ఊళ్ళో రూబెన్ గాఫ్ బండిచక్రాలు చేసే వడ్రంగి. ఫ్రాన్స్‌లో పోరాడి వచ్చాడు, ఎడమకాలు కాస్త ఈడుస్తాడు. యుద్ధానికి ముందే హెస్టర్‌ మీద కన్నుండేది, వచ్చాక అడిగాడు. ఆమె ఆలోచించుకోవడానికి వ్యవధి తీసుకుని, అతని గురించి నలుగురినీ విచారించి, చివరికి సరే అని అతనిచ్చిన ఉంగరం వేలికి పెట్టుకుంది. ఆమె సరే అనడానికి అసలు కారణం ఎవరికీ చెప్పలేదు. దారిన పోతుంటే అతను కొట్టు గోడ మీంచి తల పెట్టి "హెస్టర్!" అని గట్టిగా కేకేసేవాడు. రోజంతా ఆ పేరుతో పిలిచే మనిషి ఉన్న ఇల్లు కావాలనిపించింది ఆమెకు. అంతకంటే పెద్ద కోరిక ఆమె ఎన్నడూ కోరలేదు.

వాళ్ళ పద్ధతిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ఇద్దరి పేర్లూ చదివి, ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడగాలి. ఆ వసంతంలో మొదటి ఆదివారం చదివారు. ఎవరూ దగ్గనైనా దగ్గలేదు.

ఆ బుధవారం హెస్టర్‌కు పూట సెలవు. తల్లి ఇంట్లో పెళ్ళి కేకు సంగతి మాట్లాడటానికి రూబెన్, అతని తల్లి కెజియా వచ్చి కూర్చున్నారు. అంతలో పోస్టాఫీసు నడిపే టిప్టన్ అమ్మ స్వయంగా ఒక చిన్న పార్సిలు పట్టుకుని వచ్చింది.

"సంతకం పెట్టు హెస్టర్. సర్కారుది. నీ చేతికే ఇవ్వాలట" అంది. ఇచ్చింది కదా, వెళ్ళాలి కదా, వెళ్ళలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

లోపల అట్టపెట్టె, పెట్టెలో రెండు పతకాలు. ఒకటి వెండిది, రాజుగారి తల ఉంది. ఇంకొకటి ఇంద్రధనుస్సు రంగుల పట్టీకి వేలాడుతున్న కంచు బిళ్ళ, దాని మీద రెక్కల దేవత. రూబెన్ టీ కప్పు కింద పెట్టాడు. అచ్చం అలాంటివే కిందటి నెల అతనికీ వచ్చాయి. ఆ పతకాల అంచు మీద అవి ఎవరివో వాళ్ళ పేరు చెక్కి ఉంటుందని అతనికి తెలుసు. వెండిదాన్ని కిటికీ వెలుగులో తిప్పి చదివాడు.

"హెచ్. ప్రీస్. స్వచ్ఛంద నర్సు దళం."

"నావి కావు" అంది హెస్టర్.

"పేరు నీదే."

"ఇంకెవరో ప్రీస్ అయ్యుంటుంది. ఈ చుట్టుపక్కల రాయి విసిరితే ప్రీస్‌కే తగులుతుంది."

"ఆ ప్రీస్ కూడా మీ అమ్మ ఇంట్లోనే ఉంటుందేమిటి? పార్సిలు మీద చిరునామాతో సహా రాశారు కదే" అంది కెజియా.

రూబెన్ పతకాన్ని అటూ ఇటూ తిప్పుతూ, "ఇవి ఊరికే ఇవ్వరు హెస్టర్. సముద్రం దాటి వెళ్ళినవాళ్ళకే ఇస్తారు. నువ్వెప్పుడు దాటావు?" అని అడిగాడు.

"నేను ఫ్యాక్టరీలో ఉన్నాను. నీకు తెలుసు."

"నువ్వు చెప్తే తెలుసు."

ఆ మాట హెస్టర్‌కు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

కెజియా ఊరుకునే మనిషి కాదు. "నర్సు దళమంటే గొప్పింటి ఆడపిల్లలమ్మా. జీతం పుచ్చుకోరు. గదులూడ్చుకునేదానికి జీతం లేని ఉద్యోగమేమిటి? మరి తిండెవరు పెట్టారు? పడకెవరు ఇచ్చారు?" అంది.

"అమ్మా!" అన్నాడు రూబెన్.

"నన్ను అడగనీరా. ఆ పసుపు మొహమేసుకుని వచ్చినప్పుడే నాకు అనుమానం. ఫ్యాక్టరీ మందట! ఏ సిపాయి దగ్గర ఏ జబ్బు తగిలించుకొచ్చిందో!"

"ఇంతకీ కేకులో ఎండు ద్రాక్ష వేద్దామా వద్దా?" అంది హెస్టర్ తల్లి. ఆమెకు చెవుడు.

టిప్టన్ అమ్మ ఇక ఉండబట్టలేక, పోస్టాఫీసు తెరవాలని చెప్పి లేచింది. పోస్టాఫీసు తెరిచే ఉంది. ఊరికి చెప్పాల్సిన పని మాత్రం చాలా ఉంది.

ఆ వారమంతా హెస్టర్ మనుషులను వరసపెట్టి అనుమానించింది. ముందు టిప్టన్ అమ్మను. తర్వాత కెజియాను, ఈవిడకు ఈ సంబంధం మొదటి నుంచీ గిట్టదు. ఆఖరికి రూబెన్‌ను కూడా, పెళ్ళి నుంచి తప్పించుకోవడానికి అతనే ఆడించిన నాటకమేమోనని. ఇలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసి, మళ్ళీ అదే అనుకునేది. రెండో ఆదివారం పాస్టరు పేర్లు చదివినప్పుడు చర్చిలో గుసగుస పుట్టింది. రూబెన్ ఆమె పక్కన కాక తల్లి పక్కన కూర్చున్నాడు.

సోమవారం బంగళా వంటింట్లో వంటావిడ పొయ్యి మీంచి సూప్ గిన్నె దించబోయి ముంజేయంతా కాల్చుకుంది. ఆవిడ కేకలకు ఒకరు వెన్న తెమ్మంటారు, ఒకరు పిండి తెమ్మంటారు. పై మెట్ల మీంచి లేడీ ఫిలిపా దిగి వచ్చింది. ఆ కుటుంబంలో ఎవరూ వంటింటి గడప తొక్కరు.

"వెన్న పక్కన పెట్టండి. చల్లటి నీళ్ళు, శుభ్రమైన గుడ్డ. మిగతావాళ్ళు తప్పుకోండి" అంది. గొంతు పెంచలేదు, అందరూ తప్పుకున్నారు. మోచేతుల దాకా చేతులు కడుక్కుని, వాటిని పైకి ఎత్తి పట్టుకుని, నీళ్ళు కారుతుండగా తువ్వాలు అందించే మనిషి కోసం నిలబడింది. గుడ్డ అంచు పళ్ళతో చించింది. వంటావిడ ఏడుస్తుంటే, "తిట్టు, నన్ను తిట్టు, నొప్పి తగ్గుతుంది" అని నవ్వించింది. కట్టు కట్టాక చివర మడిచి లోపలికి తోసిన తీరు మీద హెస్టర్ కళ్ళు నిలిచిపోయాయి. ఫ్యాక్టరీ ఆసుపత్రిలో నర్సులు అచ్చం అలాగే చేతులు ఎత్తి నిలబడేవాళ్ళు. అలాగే మడిచేవాళ్ళు.

బిడ్డ లేదు, గుడ్డలు లేవు. తను ఊరంతా చాటింది అబద్ధం. మరి ఆ నర్సు పతకాలో? ఆ ఆలోచన దాని వెంటనే వచ్చింది.

మంగళవారం పొద్దున్న పొయ్యి వెలిగించడానికి వెళ్ళినప్పుడు పనిమనిషి మాట్లాడకూడదు, కనపడకూడదు. హెస్టర్ పొయ్యి వెలిగించి, చేతులు ఏప్రానుకు తుడుచుకుని, మంచం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"దొరసాని గారూ, మీ చేతులు పసిబిడ్డ గుడ్డలు ఉతికి అలా అయ్యాయని నేనే పుకారు పుట్టించాను. ముందు దానికి క్షమించండి. తర్వాత దీని సంగతి చెప్పండి" అని పతకాల పెట్టె దుప్పటి మీద పెట్టింది.

లేడీ ఫిలిపా లేచి కూర్చుంది. పెట్టె మూత తీసింది. ఇదేమిటని అడగలేదు.

"వచ్చాయా!" అంది.

ఆ ఒక్క మాటతో హెస్టర్‌కు కావలసిన రుజువు దొరికింది.

"అత్తయ్య ఇంటికి పంపమని చెప్పాను. మొదట దరఖాస్తులో రాసిన మీ అమ్మ ఇంటికే పంపినట్టున్నారు. జేన్, నన్ను తిట్టకు. ఇరవై మూడు నిండనివాళ్ళను ఫ్రాన్స్‌కు పంపరు. నాకేమో అప్పటికి పంతొమ్మిది. నాన్నను అడిగితే ఆసుపత్రికి పూలు పంపు చాలన్నాడు. నీకు ఇరవై నాలుగు. నీ కాగితం కార్డ్యూ సొరుగులో పడి ఉంది. నిన్ను ఇక్కడ అందరూ జేన్ అంటారు కదా, నీ అసలు పేరు ఎవరూ వాడటం లేదనుకున్నాను."

హెస్టర్‌కు వెంటనే కోపం కూడా రాలేదు. వానలో బయటికి వెళ్ళేవాళ్ళు కొక్కేనికున్న ఎవరిదో పాత కోటు వేసుకున్నంత తేలిగ్గా చెప్పింది ఆ పిల్ల. అందులో మోసం లేదు, చెడ్డబుద్ధి లేదు. కోటుకు సొంతదారు ఉంటారని తట్టలేదు, అంతే. తట్టకపోవడమే హెస్టర్‌ను ఎక్కువ బాధపెట్టింది.

"అక్కడ ఏం చేశారు?" అని అడిగింది. నిలదీయడానికే అడిగింది.

"మొదటి రోజు బకెట్టు చేతిలో పెట్టి వార్డు కడగమన్నారు. నాకు నేల కడగడం రాదు. నువ్వు మెట్లు కడిగేటప్పుడు ఎలా వంగుతావో గుర్తుచేసుకుని అలా వంగాను. తర్వాత బూట్లు కత్తిరించాను, అవి కాళ్ళకు అతుక్కుపోయి ఉండేవి. పేలు ఏరాను. ఈ వేలికి చీము పట్టి, తీసేస్తారేమో అనుకున్నాను. ఒక ముసలి డాక్టరు ఉండేవాడు, 'వార్డులో ప్రీస్ ఉందా? అయితే నేను కాసేపు పడుకుంటాను' అనేవాడు." ఆమె పతకం పట్టీని వేలితో నిమిరింది. "నా సొంత పేరుతో నన్నెవరూ కుక్కపిల్లకు పాలు పట్టడానికి కూడా నమ్మలేదు జేన్."

"హెస్టర్."

"ఆఁ?"

"నా పేరు. హెస్టర్."

లేడీ ఫిలిపా మొహం కందిపోయింది.

హెస్టర్ తన గోడు చెప్పింది. పెళ్ళి ప్రకటన, పార్సిలు, కెజియా నోరు, రూబెన్ మాట అన్నీ. "మీరొచ్చి అతనితో ఒక్క మాట చెప్పండి. అంతకంటే నాకేమీ వద్దు" అంది.

లేడీ ఫిలిపా పెట్టె మూత మూసింది. "తప్పుడు పేరుతో సర్కారుకు సంతకం పెట్టాను. జైలు కూడా వేయొచ్చు. నా కోసం అత్తయ్య అన్నాళ్ళు అబద్ధమాడింది. నాన్నకు తెలిస్తే... నాకు కొంచెం వ్యవధి ఇవ్వు. ఆలోచిస్తాను. ఇవి మాత్రం నా దగ్గర ఉండనీ" అంది.

ఆ 'ఆలోచిస్తాను' సంగతి హెస్టర్‌కు తెలుసు. చలికాలంలో అటక మీద పడుకునే పనివాళ్ళు ఇంకో దుప్పటి అడిగితే పెద్ద దొరసాని చెప్పే మాటా అదే. ఇప్పుడు పెట్టె కూడా చేజారింది. 'ఇక చెప్పదు. పతకాలు గుంటలో పడేసి, నన్ను పనిలోంచి తీసేస్తుంది' అనుకుంటూ కిందికి వచ్చింది.

బుధవారం సెలవులో నేరుగా రూబెన్ కొట్టుకు వెళ్ళింది. అతను చక్రం ఆకు చెక్కను చిత్రికతో నున్నగా చేస్తున్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పింది. అతను పని ఆపి విన్నాడు, విని నవ్వాడు.

"లార్డ్ కూతురు గదులూడ్చేదాని పేరు దొంగిలించిందా? ఆవిడకేం తక్కువని?"

"తక్కువై కాదు. వయసు చాలక."

"ఆవిడ ఐర్లండ్‌లో బిడ్డను కన్నదని నువ్వేగా చెప్పావు? ఇదే కొట్టులో, ఇదే బల్ల మీద కూర్చుని చెప్పావు. చేతులు చూసి కనిపెట్టానన్నావు."

"అది నా తప్పు. పొరపాటు పడ్డాను."

"మొన్న బిడ్డన్నావు, ఇవాళ నర్సంటున్నావు. రేపేమంటావు?"

హెస్టర్ నోరు తన మీదకే తిరిగింది. జీవితంలో మొదటిసారి ఆమె నిఖార్సైన నిజం పట్టుకుని ఒకరి ముందు నిలబడితే, ఆ నిజానికి విలువ లేకుండా చేసింది తనే.

రూబెన్ గొంతు తగ్గించాడు. "చూడు, నేను అక్కడ ఉన్నవాణ్ణే. ఆ రోజుల్లో ఎవరు ఎలా ఉన్నారో నాకు తెలుసు. ఎవడితో వెళ్ళావో చెప్పు, నేను క్షమిస్తానేమో కూడా. ఈ కథలు మాత్రం చెప్పకు. ఆదివారం దాకా చూస్తాను."

"చేయని తప్పుకు క్షమాపణ ఎక్కడ పెట్టుకోను?" అంది హెస్టర్. అతను మళ్ళీ చిత్రిక అందుకున్నాడు.

మూడో ఆదివారం చర్చి కిక్కిరిసింది. నెలల తరబడి దేవుడికి మొహం చూపించనివాళ్ళు కూడా వచ్చారు. హెస్టర్ తల్లి పక్కన వెనక వరుసలో కూర్చుంది. కెజియా ముందున్న బల్ల అంచును రెండు చేతులా పట్టుకుని, లేవడానికి సిద్ధంగా ఉంది. అది అందరికీ కనిపిస్తూనే ఉంది.

పాస్టరు గొంతు సవరించుకున్నాడు. "ఈ ఊరి రూబెన్ గాఫ్‌కు, ఈ ఊరి హెస్టర్ ప్రీస్‌కు పెళ్ళి. ఇది మూడోసారి, ఆఖరిసారి అడగడం. అభ్యంతరం తెలిసినవారు ఎవరైనా ఉంటే..."

అందరికంటే ముందు వరుసలో, దొరగారి కుటుంబం కూర్చునే చోట, లేడీ ఫిలిపా లేచి నిలబడింది. కోటు గుండీలు విప్పి ఉన్నాయి. ఎడమ రొమ్ము మీద రెండు పతకాలు. ఆ దేశంలో చనిపోయిన కొడుకువో, మొగుడివో అయితే కుడివైపు పెట్టుకుంటారు. ఎడమవైపు పెట్టుకుంటే సొంతానివని అర్థం. ఆ సంగతి చర్చిలో పసిపిల్లలకు కూడా తెలుసు.

"లేడీ ఫిలిపా, తమకు... అభ్యంతరమా?" అన్నాడు పాస్టరు.

"అభ్యంతరం కాదు. చెప్పాల్సిన సంగతి" అంది ఆమె. తండ్రి చెయ్యి పట్టుకుని లాగాడు. ఆమె విడిపించుకుని ఊరివైపు తిరిగింది. "యుద్ధంలో నేను ఐర్లండ్‌లో లేను. ఫ్రాన్స్‌లో నర్సుగా ఉన్నాను. నా వయసు చాలక, హెస్టర్ ప్రీస్ పేరు చెప్పి వెళ్ళాను. ఆమెను అడగలేదు. అందుకే ఈ పతకాల మీద ఆమె పేరుంది. పని నాది, పేరు ఆమెది. ఆమె ఆ రోజుల్లో ఫిరంగి గుండ్లలో మందు కూరుతూ ఒళ్ళంతా పచ్చగా చేసుకుంది. దానికి ఎవరూ ఆమెకు ఏ పతకమూ ఇవ్వలేదు. ఇంకెవరికైనా అనుమానం ఉంటే నన్ను అడగండి."

దొరగారి మెడ ఎర్రబడిపోయింది. ఆయన బలిపీఠం వైపే చూస్తూ కూర్చున్నాడు. కెజియా చేతులు బల్ల అంచు మీంచి జారి ఒళ్ళో పడ్డాయి.

హెస్టర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒకే మనిషి గురించి రెండుసార్లు చెడుగా అనుకుంది, రెండుసార్లూ తప్పే అయింది. జైలుకు భయపడే పిల్ల, తండ్రికి భయపడే పిల్ల, నిండు చర్చిలో తనకోసం నిలబడింది. ఆ క్షణాన ఆమెకు లేడీ ఫిలిపా మీద సొంత చెల్లెలి మీద పుట్టినంత ప్రేమ పుట్టింది.

ప్రార్థన అయ్యాక బయట గేటు దగ్గర లేడీ ఫిలిపా ఆగింది. "సరిపోయిందా హెస్టర్?" అని అడిగింది.

"సరిపోయింది దొరసాని గారూ. ఇకమీదట ఎవరిదైనా తీసుకునేటప్పుడు ఒక మాట అడగండి."

"అడుగుతాను" అంది లేడీ ఫిలిపా. తండ్రి బండి ఆమెను ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయింది. ఆమె నడిచే వెళ్ళింది.

రూబెన్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. వెనకాలే కెజియా, మొహం నిండా నవ్వు.

"నా బుద్ధి గడ్డి తింది హెస్టర్. నాలుగు తిట్టు, పడతాను. ఇంటికి రా, భోజనం చేద్దాం" అన్నాడు.

"నేను అప్పుడే అనుకున్నా, మా కోడలు బంగారమని" అంది కెజియా.

హెస్టర్ రూబెన్‌నే చూసింది. "ఇప్పుడు నమ్మావా?"

"నమ్మక! లార్డ్ కూతురు నిండు చర్చిలో చెప్తే!"

"ఏం చెప్పింది?"

"అదే, ఫ్రాన్స్ వెళ్ళింది తనేనని. నీ పేరు తను వాడుకుందని."

"బుధవారం నేనేం చెప్పాను?"

రూబెన్ టోపీని చేతుల్లో ఒకసారి తిప్పాడు. "అదే" అన్నాడు.

"అవే మాటలు కదా రూబెన్. ఒక్క ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. నేను చెప్తే నవ్వావు."

"అది కాదు హెస్టర్, నువ్వు బిడ్డ సంగతి అప్పట్లో..."

"అవును, అది నా తప్పే. అయినా ఆవిడ నా కోసం నిలబడింది. నువ్వేమన్నావు? ఎవడితో వెళ్ళావో చెప్పమన్నావు. ఫ్రాన్స్‌లో ముక్కూ మొహం తెలియని డాక్టరు హెస్టర్ ప్రీస్ పేరు వింటే నిశ్చింతగా నిద్రపోయాడట. నువ్వు నా మొహం ఎదురుగా పెట్టుకుని కూడా నమ్మలేదు."

వేలి నుంచి ఉంగరం రాలేదు, నీళ్ళలో నాని కణుపు లావెక్కిన వేలు. ఆమె ఉమ్మి తడిచేసుకుని మరీ తీసి అతని టోపీలో వేసింది.

"మూడుసార్లు చదివాక ఎవరైనా వెనక్కి తీసుకుంటారటే? ఊరేమనుకుంటుంది!" అని కెజియా అరిచింది.

"ఊరికి అనుకోవడం నేర్పింది మనమిద్దరమే కెజియా గారూ. అనుకోనివ్వండి" అంది హెస్టర్.

తల్లి చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టింది. రూబెన్ అంటే ఆమెకు అప్పటికీ ఇష్టమే. గేటు దాటగానే ఏడుపు వచ్చింది, దారంతా ఏడుస్తూనే నడిచింది. చెవిటి తల్లికి చర్చిలో ఏం జరిగిందో ఒక్క ముక్క అర్థం కాలేదు. కాసేపటికి ఆగి, కూతురి మొహంలోకి చూసి, "ఏమన్నాడే వాడు?" అని అడిగింది.

"నమ్మానన్నాడమ్మా" అంది హెస్టర్.